అంచు మీది తుప్పు

“ఉతకొద్దమ్మగారూ! మీకు దణ్ణం పెడతా. అంచు ఊడింది, అదొక్కటీ కుట్టిస్తే చాలు.”

సంఘపెద్ద తన తెల్లంగీని కుట్టుమిషను మీద పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టాడు. నలభై ఏళ్ల నాటి బాప్తిస్మపు అంగీ. తెలుపు ఎప్పుడో పసుపైంది. అంచు చుట్టూ గుండ్రటి తుప్పు మరకలు, ముదిరిన బెల్లం రంగులో, వరసగా.

పాస్టరమ్మ కళ్లజోడు సర్దుకుంది. ఆ మరకలు ఆవిడ చలవే. నీళ్లలో దిగగానే అంగీ గొడుగులా పైకి తేలిపోతోందని, మిల్లు చెత్తలోంచి ఇనుప వాషర్లు ఏరుకొచ్చి అంచులో పెట్టి కుట్టింది. ఇనుము తడిస్తే ఊరుకుంటుందా? మరక దిగింది. అప్పట్లో బట్ట పాడైందని అందరూ సణిగారు. పదేళ్లు తిరిగేసరికి ఆ పాడైన బట్టే పరలోకానికి టికెట్టయి కూర్చుంది. మనిషి పోతే పెట్టెలో అంగీ కప్పాలి, అంచు బయటికి కనబడాలి. మరక ఉంటే సమాధుల తోటలో చోటు. లేకపోతే గోడ అవతలే. ఈ రూలు ఏ వాక్యంలో ఉందయ్యా అని అడిగిన మొనగాడు లేడు.

“నువ్వు బాప్తిస్మం తొట్టిలో దిగిన రోజు గుర్తుందా బాబూ?” దారం ఎక్కిస్తూ అడిగింది.

“గుర్తులేకపోవడమేంటి! మిల్లు రెండో కూత అప్పుడే కూసింది. పాస్టరయ్యగారు మిల్లు ఖాకీ చొక్కాతోనే నడుంలోతు నీళ్లలో నిలబడి ఉన్నారు. ‘మీరు అంగీ వేసుకోరా?’ అంటే ‘తడవాల్సింది మీరురా, నేను పనివాణ్ణి’ అన్నారు. నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ముక్కు మూసి ముంచారు. పైకి లేచేసరికి మీరు గట్టు మీద తువ్వాలు పట్టుకుని ఉన్నారు.”

“ఆ తువ్వాలుతో ముక్కు చీదావు.”

“ఇంకా మర్చిపోలేదా తల్లీ!”

ఇద్దరూ నవ్వారు. ఆ మిల్లు మూతబడి చాలా ఏళ్లయింది. కూత లేదు, ఖాకీలు లేవు. తొట్టి మాత్రం ఉంది. పాస్టరుగారు డ్యూటీ దిగాక రోజుకు రెండు గంటల చొప్పున సొంత చేతులతో తవ్విన తొట్టి. ఆయనకు ముందు ఆ వాడలో పాస్టరూ లేడు, సంఘమూ లేదు. మిల్లు గేటు దగ్గర ఆయన మొదలుపెట్టిన ప్రార్థనే అన్నిటికీ మొదలు.

సంఘపెద్ద గొంతు సవరించుకున్నాడు. “ఇంకోమాట అమ్మగారూ. తోటలో చోట్లు తగ్గిపోయాయి. కమిటీ లిస్టు రాస్తోంది. పాత రిజిస్టరు చెదలు తినేసింది కదా, అందుకని ఎవరి అంగీ వాళ్లు తెచ్చి చూపిస్తున్నారు. మీదొక్కటే మిగిలింది. అయ్యగారి పక్క చోటు మీకోసమే ఆపాం. ఆదివారం తీసుకురండి.”

“చూపించకపోతే?”

“ఆ చోటు కోశాధికారి అడుగుతున్నాడు. అయినా మీకేంటి, మీరు పాస్టరమ్మ! ఊరికే లాంఛనం.”

“ఏసయ్య పక్క సిలువ మీది దొంగ పరలోకానికి పోయాడు కదా, వాడికి అంగీ ఎవరు కుట్టారు బాబూ?”

సంఘపెద్ద తల గోక్కున్నాడు. “మీతో ఇదే చిక్కు. అయ్యగారూ ఇంతే. ‘తుప్పు పట్టేది ఇనుముకురా, ఆత్మకు కాదు’ అనేవారు. కానీ చివర్న ఆయన పెట్టె దగ్గర నేనే నిలబడి చూశాగా! ఏం మరక అమ్మగారూ అది! నిన్న పట్టినట్టు ఎర్రగా, నిప్పుకణికల్లా! మాబోటివాళ్లవి చూడండి, ఎలా నల్లబడ్డాయో. పరిశుద్ధుడి మరక మాయదు.”

పాస్టరమ్మ దారం పంటితో తెంపింది.

అతను అంగీ చంకలో పెట్టుకుని వెళ్లాక కోడలిని పిలిచి ట్రంకుపెట్టె తెరిపించింది. అడుగున మడతలో తెల్లటి అంగీ. ఎత్తగానే అంచులో వాషర్లు గలగలమన్నాయి.

కోడలు అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇది మీదేనా అత్తయ్యా? ఒక్క మరకా లేదేంటి?”

“నీళ్లు తగిలితే కదే! దిగేవాళ్లు వరసలో ఉండేవాళ్లు, నేను ఆఖరి అంగీ కుడుతూ గట్టు మీదే ఉండేదాన్ని. ‘మరి మన సంగతేంటి?’ అని అడిగితే మీ మామయ్య నవ్వేవాడు. ‘తెల్లారగట్ల నువ్వు చేసే ప్రార్థన నాకే వినబడుతోంది, ఆయనకు వినబడదా?’ అనేవాడు. అంతే. మళ్లీ అడగలేదు.”

“అయితే ఈ ఆదివారం దిగేయండి. సంఘపెద్దకు ఒక్కమాట చెబితే పోలా?”

“ఆరడుగుల మట్టి కోసం నీళ్లలో దిగితే అది దేవుడితో అబద్ధం. ఆ పని నావల్ల కాదు.” పాస్టరమ్మ ట్రంకుపెట్టె మూత గట్టిగా వేసింది. “నలభై ఎనిమిదేళ్లు ఆ గురక పక్కన పడుకున్నానే! ఇప్పుడు తీసుకెళ్లి ఆ చోటు కోశాధికారికిస్తానా? లే, బకెట్లో నీళ్లు పట్టుకురా. గుప్పెడు ఉప్పు వెయ్యి.”

“ఉప్పెందుకు?”

“తుప్పు తొందరగా పడుతుంది. రేపటికల్లా ఎర్రగా వస్తుంది.”

కోడలు గుండెల మీద చెయ్యి వేసుకుంది. “అమ్మో! దేవుడికి వద్దన్న అబద్ధం పెద్దలకు చెప్తారా?”

“వాళ్లు అడిగింది మరకే. మరకే ఇస్తున్నా.”

“కనిపెట్టేస్తే? అంతమంది పెద్దలు, అంచు పట్టి పట్టి చూస్తారు అత్తయ్యా!”

పాస్టరమ్మ అంగీని ఒళ్లో పరుచుకుని, అంచును మెల్లగా నిమిరింది.

“మీ మామయ్యది కనిపెట్టారా?”