ఇంగ్లీషు తీసేయగా మిగిలింది

ఫైలు తీసుకెళ్ళడానికి కారు బయల్దేరిందని ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి ఫోను వచ్చేసరికి అనువాదకురాలు ఇంకా పదకొండో పేజీ దగ్గరే ఉంది. పుస్తకం రెండు వందల పేజీల పైచిలుకు.

అనువాదం అయితే ఎప్పుడో అయిపోయింది. చిక్కల్లా ఆవిడ పనిచేసే పద్ధతితోనే వచ్చింది. ఒక ఇంగ్లీషు పేరా, దాని కింద తెలుగు పేరా, ఇలా ఒకే ఫైల్లో టైపు చేసుకుంటూ పోతుంది. ఒక్క వాక్యం కూడా తప్పిపోదు, నిజమే. కాకపోతే చివర్లో పాలూ నీళ్ళూ వేరు చేసే హంసలా కూర్చుని రెండు భాషల్నీ విడదీయాలి. ఒక్కో ఇంగ్లీషు పేరానీ మౌసుతో పట్టుకుని చెరిపేసరికి ఆవిడకి తల ప్రాణం తోకకొస్తోంది.

ఆ పుస్తకం ఫ్యాక్టరీ యజమాని ఆత్మకథ. ఆయన చదువంతా ఇంగ్లీషులోనే సాగింది. తెలుగు గడగడా మాట్లాడతాడు గానీ ఒక్క అక్షరం చదవలేడు. ఆయన తల్లికేమో తెలుగు తప్ప మరొకటి రాదు. రేపు ఆవిడ పుట్టినరోజు. ముందు ఒక్క కాపీ అచ్చేయించి తల్లి చేతిలో పెట్టాలనీ, ఆవిడ బాగుందంటే ఫ్యాక్టరీలో అందరికీ పంచాలనీ ఆయన ముచ్చట. అదే జరిగితే ఇకమీదట కంపెనీ అనువాదాలన్నీ మీకేనని మాటిచ్చాడు. మిక్సీల వారంటీ కార్డులూ, దగ్గుమందుల కాగితాలూ అనువదించి అనువదించి విసిగిపోయిన అనువాదకురాలికి ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది.

చివరికి తమ్ముడికి ఫోను చేసింది. వాడు కంప్యూటర్లు బాగుచేస్తాడు. అక్కని ఎగతాళి చేసే అవకాశం వస్తే అన్నం కూడా మానేస్తాడు. సంగతి విని ముందు కాసేపు నవ్వుకున్నాడు.

"అంటే చెంచాతో నుయ్యి తోడుతున్నావన్నమాట. ఇంగ్లీషు ఒక ఫాంటు, తెలుగు ఇంకో ఫాంటు కదక్కా. ఆ ఇంగ్లీషు ఫాంటు ఎక్కడుంటే అక్కడ వెతికి, దాని బదులు ఏమీ పెట్టొద్దని కంప్యూటరుకి చెప్పు. ఒక్క నొక్కుతో పోతుంది."

"తెలుగు పోదు కదరా?"

"తెలుగు ఒక్క ముక్క పోయినా నన్నడుగు."

ఎలా నొక్కాలో చెప్పాడు, ఆవిడ అలాగే నొక్కింది. ఇంగ్లీషంతా మంత్రం వేసినట్టు మాయమైంది. తమ్ముడు అన్నట్టే తెలుగు ఒక్క ముక్క కూడా పోలేదు. కారులో వచ్చిన మనిషి ఫైలు తీసుకెళ్ళాడు. ఆవిడ చాన్నాళ్ళకి కంటినిండా నిద్రపోయింది.

మర్నాడు మధ్యాహ్నం, మన పని మనం ఒకసారి చూసుకుందామని తన దగ్గరున్న కాపీ తెరిచింది. పన్నెండో పేజీకి రాగానే గుండె జారిపోయింది.

ఆవిడకి ఇంకో అలవాటుంది. అనువాదం చేస్తుండగా ఒళ్ళు మండితే, ఆ మంటని కూడా అక్కడికక్కడే తెలుగులో టైపు చేసేస్తుంది. కక్కేస్తే గానీ వేళ్ళు ముందుకి కదలవు మరి. చేత్తో చెరిపినంతసేపూ ఇంగ్లీషుతో పాటు వాటినీ ఏరి పారేసేది. ఆ తేడా యంత్రానికేం తెలుసు? దానికి తెలుగంటే తెలుగే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆవిడ కొంప మాత్రం ఏదీ ఊడకపోవడం వల్లే మునిగింది.

"మళ్ళీ మొదలుపెట్టాడు, సొంత డప్పు." "రెండో అధ్యాయంలో వానలో తడుస్తూ బడికి నడిచాడు, ఇక్కడేమో సైకిలుందంటాడు. ఏదో ఒకటి తేల్చుకో నాయనా." పుస్తకం నిండా ఇవే. జీవితంలో అంతా నా కష్టంతోనే సాధించానని యజమాని రాసుకున్న ఆఖరి వాక్యం కింద అన్నిటికంటే పెద్దది ఉంది: "అన్నీ నువ్వే చేసుకున్నావు, సరే. ఇన్ని పేజీల్లో మీ అమ్మ ఒక్కచోట కూడా కనబడలేదేం? పాలు కూడా నువ్వే కాచుకుని తాగావా?"

దొరికిన బండెక్కి యజమాని ఇంటికి పరుగెత్తింది. వాకిట్లో ఆయనే ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. పొద్దుట్నుంచి అమ్మ పుస్తకం కింద పెట్టలేదనీ, భోజనం దగ్గర కూడా చదువుతూనే ఉందనీ, ఒకటే నవ్వనీ చెప్పాడు.

"నా కష్టాల్లో అంత నవ్వొచ్చేదేముందో నాకైతే అర్థం కాలేదు మేడమ్. మీ శైలి అయ్యుంటుంది. ఆవిడ సరేనంటే ప్రెస్సుకి చెప్పేస్తాను. వెళ్ళండి, లోపలే ఉంది."

కంపెనీ పని పోతే పోయింది, పుట్టినరోజు పూట ఒక తల్లి చేతికి కన్నకొడుకు మీద దెప్పిపొడుపులు అందించానే అని అనువాదకురాలు సిగ్గుతో చచ్చిపోయింది. ఎలాగో గదిలోకి వెళ్ళింది. కిటికీ పక్కన కుర్చీలో పెద్దావిడ, ఒళ్ళో పుస్తకం. ఆఖరి పేజీ తెరిచి ఉంది. తలుపు వేసి రమ్మని సైగ చేసింది.

అనువాదకురాలు ఒక్క గుక్కలో జరిగిందంతా చెప్పేసింది. తప్పు తనదేననీ, ఆ కాపీ ఇచ్చేస్తే సాయంత్రానికల్లా సరిచేసి తెస్తాననీ, అబ్బాయిగారికి మాత్రం చెప్పొద్దనీ బతిమాలింది.

పెద్దావిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది, తర్వాత కళ్ళు కూడా తుడుచుకుంది. అనువాదకురాలి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"సరిచెయ్యాల్సిందేలే అమ్మాయ్. నువ్వు రాసిన ముక్కలు ఎంత బాగున్నాయో. వాటి మధ్యలోకి మావాడి మాటలు ఎలా వచ్చి కలిశాయో గానీ, అవన్నీ ఏరి పారేసి అచ్చుకివ్వు."