కౌంటరుకు అటుపక్క

“చీటీ లేదండి,” అంది వాసవి, చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ. “లేకపోతే ఇవ్వరా?”

కౌంటరు వెనక తెల్లకోటులో ఉన్న లీలావతి కళ్ళజోడు పైకి తోసుకుని ఒక్క క్షణం చూసింది. తర్వాత ఎవరొచ్చినా చేసే పనే చేసింది. సొరుగులోంచి పొడుగాటి రిజిస్టరు తీసింది.

“ఏం మాత్రలు కావాలి?”

“పిల్లలు... అప్పుడే వద్దనుకుంటే వేసుకునేవి.”

అనడానికి అనేసింది గానీ వాసవి చెవులు వేడెక్కాయి. సరోజినీ నగర్ నుంచి మెట్రో మారి లక్ష్మీ నగర్ దాకా ఊరికే రాలేదు. వాళ్ళ వీధి చివర మందుల షాపులో అడిగితే, ఆ భయ్యా “కౌన్‌సీ వాలీ, దీదీ?” అని, ఏ రకం కావాలో చెప్పమంటూ బజారంతా వినబడేలా అరిచాడు. డిస్పెన్సరీ డాక్టరమ్మకేమో అత్తగారితో పదేళ్ళ స్నేహం. ఇక్కడి హాస్టళ్ళ ఆడపిల్లలు మాత్రం, లీలావతి చెవిన పడ్డ మాట మళ్ళీ పైకి రాదంటారు. కౌంటరుకు అటుపక్క నిలబడ్డవాళ్ళు ఎవరైనా ఆవిడకు ఒకటే. నిద్రమాత్రలకని వచ్చిన సొంత తమ్ముణ్ణి చీటీ లేదని వెనక్కి పంపిన మనిషి. అయినా ఈ షాపు మెట్లెక్కడానికి వాసవికి మూడు రోజులు పట్టింది.

బీపీ మాత్రల కోసం వచ్చి స్టూలు మీద కూర్చున్న సదాశివరావుకు ఉండబట్టలేదు. రిటైరై ఆరేళ్ళయినా ఆఫీసు ఫైళ్ళ మీద అభ్యంతరాలు రాసే అలవాటు పోలేదాయనకు.

“అదేంటండీ లీలావతిగారూ! డాక్టరు రాయకుండా ఇలాంటివి ఇచ్చేస్తారా? అచ్ఛా, ఇంక డాక్టర్లెందుకు, దుకాణాలు కట్టేసుకోమనండి!”

“ఈ రకానికి చీటీ అడగాలని లేదండీ. అలాగని కళ్ళు మూసుకుని ఇమ్మనీ లేదు. నాలుగేళ్ళు ఫార్మసీ చదివింది డబ్బాలు సర్దడానికా? అడగాల్సినవన్నీ అడుగుతాను. తేడా కనబడితే డాక్టరు దగ్గరికి నేనే పంపుతాను. ముందు మీరు అటు తిరిగి కూర్చోండి.”

“నేనా?”

“మీరే. చెవులతో సహా.”

సదాశివరావు గోడవైపు తిరిగాడు. చెవులు మాత్రం తిరగలేదు.

“పేరు?”

“వాసవి.”

“వయసు?”

“ఇరవై ఎనిమిది.”

“సిగరెట్లు?”

“అయ్యో, లేదండి!”

“అందరినీ అడుగుతాను. తలనొప్పి వచ్చేముందు కళ్ళముందు మెరుపులు?”

“లేవు.”

“కామెర్లు? కాళ్ళలో రక్తం గడ్డకట్టడం?”

“ఎప్పుడూ లేవు.”

“నెల తప్పలేదుగా?”

“లేదండి. నిన్ననే...”

“చెయ్యి ఇటివ్వండి.”

లీలావతి బీపీ పట్టీ చుట్టి, మెషీను వంక చూసి పెదవి విరిచింది. “కొంచెం ఎక్కువుంది. భయపడుతున్నారా?”

“చాలా.”

“మీ ఆయనకు తెలుసా?”

“తెలుసండి. సివిల్స్ అయ్యేదాకా ఆగుదామన్నది ఆయనే. వాళ్ళమ్మతో చెప్పమంటే మాత్రం గురుగ్రామ్‌లో మీటింగుందంటారు. ఆదివారం కూడా!”

“పెంపకం!” అన్నాడు సదాశివరావు గోడతో. “ఆ తల్లిని అనాలి.”

లీలావతి పెన్ను టక్కున ఆగింది. “మిమ్మల్ని అటు తిరగమన్నాను,” అంది. తర్వాత, “అత్తగారికి?” అని అడిగింది.

“ఈ పూట దాకా తెలియదండి.”

“తెలిస్తే?”

వాసవి చున్నీ కొసను మళ్ళీ వేలికి చుట్టుకుంది. “ఆవిడ చెడ్డది కాదండి. ఆశ ఎక్కువ. ఇంకా కడుపున పడని మనవడికి మూడు ఊలు టోపీలు అల్లేసింది. నాకు వికారమేమైనా పుడుతుందేమోనని రోజూ నా కంచం వంకే చూస్తుంది. నాదిది ఆరో అటెంప్టు, ఆఖరిది. ప్రిలిమ్స్ గట్టెక్కాను. ఇంటర్వ్యూ దాకా ఎనిమిది నెలలు ఓపిక పట్టమంటున్నాను, అంతే. ఆ తర్వాత ఆవిడ ముచ్చట తీరుస్తాను. దాచిపెట్టి మింగొచ్చు. కానీ ఆవిడ వడ్డించిన అన్నం తింటూ ఆవిడను మోసం చెయ్యలేను.”

లీలావతి పెన్ను కింద పెట్టింది. కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడుచుకుంది. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచింది.

“మూడు టోపీలా?”

“నాలుగోది మొదలుపెట్టిందండి.”

లీలావతికి దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక మళ్ళీ పట్టీ చుట్టింది. “నూట పద్దెనిమిది. ఇప్పుడు బాగుంది. చెప్పాల్సింది చెప్పేశారుగా, దిగింది.”

లేచి అలమారాలోంచి స్ట్రిప్పు తెచ్చి కవరులో పెట్టింది. “ఈ రాత్రికే మొదలుపెట్టండి. రోజూ ఒకే టైముకు. మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే. పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసమొచ్చినా ఆలోచించకుండా ఆస్పత్రికి. మూడో నెలలో బీపీ చూపించుకోవాలి.”

“ఇది ఎవరికీ...”

“ఈ రిజిస్టర్లో పడ్డది ఈ మెట్లు దిగదు. మా ఆయనక్కూడా చెప్పను.”

సదాశివరావు ఇక ఆగలేక ఇటు తిరిగాడు. “చూడమ్మా, ఆ అత్తగారితో నన్ను మాట్లాడమంటావా? ముక్కుసూటిగా నాలుగు మాటలు చెబుతాను.”

“మీరేం శ్రమ పడకండి,” అంది లీలావతి. “ఆవిడ సర్దుకుంటుంది లెండి.”

వాసవి కవరు చేతిలోకి తీసుకుంది. మూడు రోజుల తర్వాత మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

రిజిస్టర్లో ఇంకొక్క గడి మిగిలింది.

“అడ్రసు?” అంది లీలావతి తలెత్తకుండా.

“మన ఇల్లే, అత్తయ్యా.”