పోతా, కోతా?

“మొత్తం రెండు వందల ముక్కలు. నా ఓటు పోతకే,” అన్నాడు మేనేజరు గ్రాహం, డ్రాయింగును బల్ల మధ్యకు తోస్తూ. “అచ్చు చేయించి అల్యూమినియం పోయిద్దాం. ఎవరికైనా అభ్యంతరమా?”

వీడియోగేమ్ కంట్రోలర్‌లో చూపుడువేలి కింద ఉండే ట్రిగ్గర్ అది. విద్యావతి డ్రాయింగు వంక చూసింది. రెండు వందల ముక్కల కోసం ఎవరైనా అచ్చు చేయిస్తారా? వేల ముక్కలు పోస్తేగాని దాని ఖర్చు రాదు. పైగా ఇవి ఆటగాళ్ల చేతికిచ్చి చూసే నమూనాలు. వంపు బాగాలేదని వాళ్లంటే అచ్చు తుక్కులోకే. అదే అల్యూమినియం దిమ్మలోంచి మిషన్ మీద కోయిస్తే, కంప్యూటర్లో నాలుగంకెలు మార్చుకుంటే చాలు.

ఇదంతా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“చెత్త ఆలోచన, గ్రాహం!” అంది పక్క సీటు లిండా, కాఫీలో బిస్కెట్టు ముంచుతూ. “రెండు వందలకి అచ్చేమిటి? ఎండ గట్టిగా తగిలిందా?”

పాపం, లిండా పని అయిపోయింది అనుకుంది విద్యావతి. ఇద్దరివీ కాంట్రాక్టు ఉద్యోగాలే. పర్మనెంటు పోస్టు ఒక్కటే ఉంది. దానికి ఇంటర్వ్యూ ఎప్పుడో గ్రాహం ఇంకా చెప్పలేదు.

“మీరేమంటారు, విద్యా?”

“మీరు చెప్పినట్టే చేద్దాం సార్.”

“గ్రాహం అని పిలవమన్నానుగా?”

“అలాగే సార్.”

లిండా పకపకా నవ్వింది. గ్రాహం నవ్వలేదు. “నిజంగా పోతకేనా మీ ఓటు?”

“పోతకే సార్. నునుపు కూడా బాగా వస్తుంది,” అని లేని కారణం ఒకటి కల్పించింది. తన గొంతు తనకే ఎక్కడో దూరంగా వినిపించింది.

విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసినప్పుడు నేర్చుకున్న పద్ధతి అది. నలుగురిలో పెద్దాయన మాటకు తలూపాలి. అందరూ వెళ్లాక గదిలోకెళ్లి “చిన్న డౌటు సార్” అని మొదలుపెట్టాలి. అక్కడి చీఫ్ ఇంజనీరు అలా చెప్పినదేదీ తోసిపుచ్చలేదు. కానీ మీటింగు అవగానే గ్రాహం కారెక్కి వెళ్లిపోయాడు. ఇక రేపే.

ఊరి శివారు మాసన్ లేక్స్‌లోని అద్దె ఇంట్లో ఆమె భర్త ద్వారకానాథ్ బియ్యం కడుగుతున్నాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయంతో పుట్టిన వైటూకే పని కోసం ఈ దేశం వచ్చినవాడు. జనవరి ఒకటిన ఏ కంప్యూటరూ ఆగలేదు, అతని ఉద్యోగం ఆగింది. ఇప్పుడు ఇద్దరి వీసా భార్య ఉద్యోగానికే వేలాడుతోంది.

“ఇంటర్వ్యూ డేట్ చెప్పాడా?”

“ఇంకా లేదండీ.”

“మీటింగ్‌లో ఏం మాట్లాడలేదుగా?”

“తలూపాను.”

“గుడ్. పర్మనెంట్ అయ్యేదాకా నువ్వు గంగిరెద్దువి. మేనేజర్‌తో ఆర్గ్యూ చేశానని అందరికంటే ముందు నన్నే తీసేశారు, చూశావుగా. ఇప్పుడీ బియ్యంతో ఆర్గ్యూ చేస్తున్నా.”

“రేపు ఆయనకి విడిగా చెబుతానండీ. లేకపోతే అచ్చు ఆర్డరు వెళ్లిపోద్ది.”

“నీకెందుకే? అచ్చు వాళ్లది, డబ్బు వాళ్లది. వీసా మనది!”

ఆమె కంచాలు పెట్టింది. అన్నం తింటుంటే అతను ఇంటర్వ్యూ ప్రశ్నలు మొదలుపెట్టాడు.

“మీ వీక్‌నెస్ ఏంటి?”

“ఎక్కువ మాట్లాడను.”

“అది వీక్‌నెస్ ఏంటే పిచ్చిదానా! అదే నీ స్ట్రెంగ్త్.”

పప్పులో ఉప్పు ఉందో లేదో ఆమెకు తెలియలేదు. ఇంటర్వ్యూకని కొన్న నల్లకోటు తలుపు వెనక కవర్లోనే ఉంది.

మర్నాడు పొద్దున్నే రెండు కాఫీలు పట్టుకుని గ్రాహం గదిలోకి వెళ్లింది.

“చిన్న డౌటు సార్.”

“చెప్పండి.”

కళ్లు కిందికి దించుకుని మొత్తం చెప్పేసింది. అచ్చు దండగ అని, వంపు మారక తప్పదని, వెయ్యి దాటేదాకా మిషన్ మీద కోయించడమే మేలని. గ్రాహం అడ్డు రాకుండా విన్నాడు.

“ఇదంతా మీకు నిన్ననే తెలుసా?”

“తెలుసు సార్.”

“మరి నిన్న ఎందుకు చెప్పలేదు?”

“అందరి ముందూ మిమ్మల్ని కాదనడం మర్యాద కాదని...”

గ్రాహం కాఫీ ముట్టుకోలేదు. లేచి, బీరువాలోంచి ఒక అట్టపెట్టె తీసి ఆమె ముందు పెట్టాడు. దాని నిండా ట్రిగ్గర్లు. మిషన్ కోసిన సన్నని గీతలు వాటి మీద ఇంకా మెరుస్తున్నాయి.

“ఇవి పోయిన వారమే కోయించాను,” అన్నాడు, ఆమె వంక చూడకుండా.

“నిన్నటిది ఇంటర్వ్యూ, విద్యా.”