మూరెడు గొయ్యి

“మూరెడు పొడుగు, మూరెడు వెడల్పు, మూరెడు లోతు. వేలెడు ఎక్కువా వద్దు, తక్కువా వద్దు,” అన్నారు భీమశంకరం సిద్ధాంతిగారు.

“ఆయ్,” అని గంగయ్య గునపం అందుకున్నాడు.

గౌతమి ఒడ్డున ఆ దిబ్బ మీద గంగయ్యవాళ్ళ పేట ఉంది. ఇరవై రెండు గుడిసెలు. తాతల నాటి నుంచీ ఏట్లో చేపలు పట్టుకుంటూ అక్కడే బతుకుతున్నారు. దిబ్బ మాత్రం బంగార్రాజుగారిది. ఆనకట్ట కట్టాక చేలు విరగపండి, రాజుగారికి మేడ కట్టాలని కోరిక పుట్టింది. చుట్టుపట్ల వరదకి మునగని నేల ఆ దిబ్బ ఒక్కటే. నేల పరీక్ష నెగ్గితే పేట లేచిపోవాలి. ఎక్కడికి పోవాలో రాజుగారు చెప్పలేదు. శాస్త్రంలో ఆ సంగతి లేదు కనక సిద్ధాంతిగారూ చెప్పలేదు.

ద్రాక్షారామం చుట్టుపక్కల సిద్ధాంతిగారి చెయ్యి పడని ఇల్లు లేదు. గుమ్మం ఎటుండాలి, నుయ్యి ఎక్కడ తవ్వాలి, వాన నీళ్ళు ఎటు పోవాలి, అన్నీ నోటికే చెబుతారు. చెప్పడం మొదలుపెడితే ఆపడమే కష్టం. నిన్న సాయంత్రం స్థలం చూడటానికి వచ్చి, వినేవాడు ఇంకెవడూ దొరక్క, గంగయ్యకే గంటసేపు పాఠం చెప్పారు.

“ఇంటి బలం గోడల్లో లేదురా, నేలలో ఉంది. గొయ్యి తవ్వి, ఆ మట్టి మళ్ళీ అందులోనే పొయ్యాలి. మట్టి మిగిలిందా, ఆ ఇల్లు మూడు తరాలు వర్ధిల్లుతుంది. సరికి సరిపోయిందా, మధ్యమం.”

“తక్కువైతేనో అండి?”

“యజమాని వంశానికి చేటు. అలాంటి చోట పశువులపాక కూడా వెయ్యకూడదు.”

“మరి మేం ఉంటన్నాం కదండి?”

“మీరు యజమానులు కాదుగా. మీకేం తగలదు.”

గంగయ్య తల ఊపాడు. ఇంత శ్రద్ధగా వినేవాడు సొంత కొడుకుల్లో ఒక్కడూ లేడే అని సిద్ధాంతిగారికి కాస్త దిగులేసింది.

ఇవాళ పరీక్ష. రాజుగారూ దగ్గరుండి చూసుకోవడానికి వచ్చారు. దిబ్బ నెగ్గుతుందని ఆయనకి ముందే తెలుసు. కాలు మోపితేనే చెబుతుంది గట్టి నేల. శంకుస్థాపన ముహూర్తం కూడా రాసుకునే వచ్చారు. తవ్వుతున్న గంగయ్యని చూస్తే జాలి వేసింది. జాలి వేరు, శాస్త్రం వేరు.

తవ్విన మట్టి పక్కన తాటాకు చాప మీద కుప్ప పోసి, గోతినిండా నీళ్ళు పోశాడు గంగయ్య. ఇక తూర్పుగా వంద అడుగులు నడిచి వెనక్కి రావాలి. వచ్చేసరికి నీళ్ళు పెద్దగా ఇంకకపోతే మంచి నేల. సిద్ధాంతిగారూ రాజుగారూ బయల్దేరారు.

“వంటిల్లు ఆగ్నేయానే ఉండాలి రాజుగారూ. పల్లం ఈశాన్యానికి రావాలి. మనిషి అబద్ధమాడతాడు గానీ మట్టి ఆడదు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను.”

వంద అడుగులు అయ్యాయి. తిరిగి వస్తూ సిద్ధాంతిగారు దారిలోనే ఆగిపోయారు. గొయ్యి పక్కన ఆరుగురు ఆడవాళ్ళు, వాళ్ళ ముందు ఆరు గంపలు. గంపల మీద తడివలలు కప్పి ఉన్నాయి. నీచు వాసన గుప్పుమంది.

సిద్ధాంతిగారు ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని మొహం తిప్పుకున్నారు. అసలే కార్తీకమాసం. నెల పొడుగునా నీచు ముట్టని రాజుగారు కూడా అటు తిరిగారు.

“ఏమే, పరీక్ష జరిగేచోట ఆ గంపలేంటి?” అన్నారు సిద్ధాంతిగారు.

“బరువండి. ఆయాసం తీర్చుకుంటన్నామండి,” అంది మరిడమ్మ. గంగయ్య పెళ్ళాం.

“ముందు వాటిని ఇక్కణ్ణించి తీసుకుపోండి.”

“చిత్తమండి. తమరి మాట కాదంటామా అండి.”

ఒకరికొకరు సాయం పట్టి గంపలు నెత్తికెత్తుకుని పేటలోకి వెళ్ళిపోయారు. వాసన పోయేదాకా పెద్దమనుషులిద్దరూ ఏటి వంక చూస్తూ నిలబడ్డారు. ఏట్లో ఒక్క పడవ కూడా లేదు. ప్రశాంతంగా ఉంది.

గోతిలో నీళ్ళు రెండు వేళ్ళే తగ్గాయి. భేషైన నేల. గంగయ్య చెంబుతో నీళ్ళు తోడేసి మట్టి పొయ్యడం మొదలుపెట్టాడు. చాప కూడా దులిపి మరీ పోశాడు.

గొయ్యి నిండలేదు. సిద్ధాంతిగారు వంగి కొలిచారు. నాలుగు వేళ్ళు వెలితి. మళ్ళీ కొలిచారు. నాలుగే.

రాజుగారి మొహం పాలిపోయింది.

“పక్కన ఇంకో గొయ్యి తవ్విద్దాం,” అన్నారు సిద్ధాంతిగారు నెమ్మదిగా.

“మట్టి అబద్ధమాడదని ఇప్పుడే కదండీ అన్నారు?”

అన్నారు. ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉన్నారు. ఇవాళ కాదంటే, ఆ మాట మీద కట్టించిన ఇళ్ళవాళ్ళంతా రేపు గుమ్మంలోకి వస్తారు. ఆయన చేతికంటిన మట్టి దులుపుకున్నారు.

“కాలవ పక్క చేను ఉంది కదండి,” అన్నాడు గంగయ్య, చేతులు కట్టుకుని. “పల్లమే గానండి, మెరక చేసుకుంటే మేడకి లక్షణంగా ఉంటదండి. మట్టి మొయ్యడానికి మా ఆడాళ్ళొస్తారండి. ఆళ్ళకి అలవాటేనండి.”

రాజుగారు తల పంకించారు. “మరి ఈ దిబ్బ?”

“మీకు పనికిరాదు. వీళ్ళని ఉండనివ్వండి,” అన్నారు సిద్ధాంతిగారు. అలా అన్నాక ఎందుకో గుండె తేలికపడింది.

బండెక్కుతూ ఆయన వెనక్కి తిరిగారు. “గంగయ్యా, ఆ గొయ్యి అలా వదిలెయ్యకురా. ఎవరైనా కాలు విరగ్గొట్టుకుంటారు.”

“పూడ్చేస్తామండి.”

బండి గట్టు మలుపు తిరిగాక, ఆడవాళ్ళు గంపలు మళ్ళీ గొయ్యి దగ్గరికి మోసుకొచ్చారు. మరిడమ్మ వాటి మీది వలలు తీసి ఒక్కొక్కటే గోతిలో బోర్లించింది. అయిదు గంపల మట్టికే గొయ్యి నిండిపోయి, ఆరో గంప మిగిలిపోయింది.