అరచేతిలో చుక్క

"మళ్ళీ డబ్బులిచ్చి తినడమేంటండీ, పైన ఊరికే పెడుతుంటే!" భార్య వంటమాస్టరు చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

ఓడలో మూడో హోటల్ గుమ్మం ముందు నిలబడి ఉన్నారిద్దరూ. కూతురు కొనిచ్చిన టికెట్‌లో పై అంతస్తు భోజనం కలిసే ఉంది. ఎంత తిన్నా అడిగేవాడు లేడు. ఈ మూడు హోటళ్ళకు మాత్రం విడిగా కట్టాలి. మొన్న ఒకటి అయింది, నిన్న రెండోది అయింది. ఈ మధ్యాహ్నం తినేదే ఆఖరి భోజనం. సాయంత్రానికి ఓడ దిగిపోవాలి.

"ఊరికే పెట్టేది ఊరికే పెట్టినట్టే ఉంటుందే. రెండు వేల మందికి ఒక్కసారే వండి పారేస్తే రుచేం ఏడుస్తుంది?"

"మీరు వండేదీ వెయ్యి మందికేగా?"

వంటమాస్టరు గుమ్మంలోంచి లోపలికి తొంగి చూశాడు.

"నన్నడిగితే ఎక్కడ తిన్నా ఒకటేనండీ" అంది ఆమె, ఎటో చూస్తూ.

"ఈ ఒక్కసారికే. నీకు దణ్ణం పెడతానే."

ఆమె చొక్కా వదిలేసింది.

ఆయన బాధ ఆయనది. నాలుగు నెలల కిందట మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకేసారి జ్వరాన పడి లేచారు. ఆ మాయదారి జ్వరం పోతూ పోతూ ఆయన నాలుకను పట్టుకుపోయింది. ఉప్పు తెలియదు, కారం తెలియదు, కాకరకాయ నమిలినా గడ్డి నమిలినట్టే. బయటికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? రుచి తెలియని వంటవాణ్ణి ఎవడు పిలుస్తాడు? భార్యకు కూడా చెప్పలేదు. చెబితే బెంగతో మంచం పడుతుందని భయం.

పొయ్యి దగ్గర మాత్రం ఒక ఎత్తు కనిపెట్టాడు. దించే ముందు గరిటెతో చుక్క తీసి, పక్కనే వంటలో సాయం చేసే భార్య అరచేతిలో వేస్తాడు. ఆమె నాకి, ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, "సరిపోయిందండీ" అంటుంది. అప్పుడు దించుతాడు. ఇన్నాళ్ళూ ఆ చుక్కల మీదే బండి నడిచింది. వచ్చే వారం వెయ్యి మంది విందు ఒప్పుకున్నాడు. ఒక్క గుండిగ తేడా వచ్చిందంటే ముప్పై ఏళ్ళ పేరు మట్టిలో కలిసిపోతుంది.

ఇంత ఖరీదైన చోట చెయ్యి తిరిగిన వాళ్ళుంటారు, వాళ్ళ వంటకైనా ఈ పాడు నాలుక లేవకపోతుందా అని ఆయన ఆశ. మొన్నా లేవలేదు, నిన్నా లేవలేదు. ఇవాళ కూడా లేవకపోతే గరిటె అటకెక్కించడమే.

లోపల ఐదారు బల్లలే ఉన్నాయి, ఒకరికొకరు కనపడకుండా మధ్యలో తెరలు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. వడ్డించేవాడు రెండు పళ్ళేలు తెచ్చి పెట్టాడు. చేటంత పళ్ళెం, మధ్యలో నాలుగు వేళ్ళంత చేపముక్క.

"ఇదేంటండీ, పళ్ళేనికే డబ్బులు తీసుకున్నట్టున్నారు!" అంది ఆమె గొంతు తగ్గించి.

ఆయన నవ్వలేదు. కళ్ళు మూసుకుని ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మెల్లగా నమిలాడు. ఏమీ లేదు. తడిసిన అట్టముక్క నమిలినట్టుంది. ఇంకో ముక్క పెట్టుకుని నాలుక మీద అటూ ఇటూ దొర్లించాడు. అబ్బే. అయిపోయింది, అంతా అయిపోయింది. ఆయనకు ఏడుపు తన్నుకొచ్చింది.

కళ్ళు తెరిస్తే ఎదురుగా భార్య, చెంచా గాల్లో పట్టుకుని ఆయన్నే చూస్తోంది.

"ఎలా ఉందండీ?"

"నువ్వు చెప్పు."

"భలేవారే, నేను చెప్పేదేంటి? వంటమాస్టరు మీరు. మీరే చెప్పాలి."

ఆయన లేని నవ్వు తెచ్చుకున్నాడు. "అమృతమే అనుకో! ఉప్పూ కారం ఎక్కడికక్కడ కుదిరాయి. కట్టిన డబ్బుకి న్యాయం జరిగిందే."

ఆమె మొహం విప్పారింది. ఒక ముక్క నోట్లో వేసుకుని, "అవునండీ, భలే కుదిరింది" అంది.

పోనీలే, ఇదన్నా తృప్తిగా తింటోంది అనుకున్నాడు. వదిలేస్తే అనుమానం వస్తుందని పళ్ళెంలో ఉన్నదంతా బలవంతాన మింగాడు.

అప్పుడు వంటగది తలుపు తోసుకుని పెద్ద వంటవాడు పరుగున వచ్చాడు. తల మీది తెల్ల టోపీ చేతిలో ఉంది, మొహం నిండా చెమట.

"క్షమించాలి సార్! ఘోరమైన పొరపాటు జరిగింది. ఒకడు ఉప్పేసిన చేపకి ఇంకొకడు మళ్ళీ వేశాడు. నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు! అన్ని బల్లల వాళ్ళూ ఉమ్మేశారు. మీ పళ్ళేలు ఇలా ఇవ్వండి, వేరేవి..."

చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. "అయ్యో, తినేశారా?"

వంటమాస్టరుకి పై ప్రాణాలు పైనే పోయాయి. దొరికిపోయాడు. ఇంక దాచి లాభం లేదు.

"ఏమేవ్, నీ దగ్గర ఒక సంగతి దాచానే" అన్నాడు తల దించుకుని. "ఆ జ్వరం దగ్గర్నుంచీ నాకు..."

దించిన చూపు భార్య పళ్ళెం మీద పడింది. అదీ తుడిచినట్టు ఖాళీగా ఉంది.

"నీకు... నీకు కూడానా?"

ఆమె చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"మరి నేను అరచేతిలో చుక్క వేసినప్పుడల్లా సరిపోయిందని ఎలా చెప్పావే?"

"మీరు ముందే రుచి చూసి వేస్తున్నారనుకుని, మీ మొహం చూసి చెప్పానండీ!"