ఎలుగు పట్టీ

ఉద్దానంలో ఇప్పుడు ప్రతి ఎలుగుబంటి మెడలోనూ జాడ చెప్పే పట్టీ ఉంటుంది. అది ఎటు నడిస్తే అటువైపు ఇళ్లలో ఫోన్లు మోగుతాయి, జనం తలుపులు వేసుకుంటారు. కొండవార పనసతోటలన్నీ ఎలుగులకే వదిలేశారు. మనిషి అడుగుపెడితే కాపలా డ్రోను వచ్చి ఊరంతా వినబడేలా పేరు పెట్టి తిడుతుంది.

దాలినాయుడికి జీడితోటలో తెగిపడిన పట్టీ ఒకటి దొరికింది.

"మెడకేసుకుని తోటకెల్లు. పనసతొన తిని ఎన్నేళ్లయిందో," అంది భార్య నీలవేణి.

"డ్రోను నన్ను ఎలుగనుకుంటాదేటే?"

"నానెప్పుడో అనుకున్నాను. దానికేటి?"

అతను బయల్దేరగానే వీధంతా ఫోన్లు మోగాయి, తలుపులు పడ్డాయి. డ్రోను వచ్చి, మెడ చూసి, మర్యాదగా తప్పుకుంది.

తోటలో ఎలుగుల సంరక్షణ సంఘం అధ్యక్షుడు కూర్మారావు చేతులకు నూనె రాసుకుని పనసపండు చీలుస్తున్నాడు. ఆయన మెడలోనూ పట్టీ ఉంది.

"నాను నిన్ను సూళ్లేదు, నువ్వు నన్ను సూళ్లేదు. కూకో," అన్నాడాయన.

ఇద్దరూ తింటుండగా వెనకనుంచి నల్లటి బొచ్చుచెయ్యి ఒకటి వచ్చి తొన అందుకుంది. ఆ చెయ్యిగలదాని మెడ బోసిగా ఉంది.

దాలినాయుడు మెల్లగా ఫోను తీసి చూశాడు. తోటలో ఎలుగులు రెండే ఉన్నాయంటోంది.