చీమ కూడా దూరదు

“ఆ ఇనుప డబ్బా జారి నా కొడుకు మీద పడితే ఎట్ల బిడ్డా?”

మధిర దగ్గరి కంటెయినర్ డిపో గేటు ముందు, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో నిలబడి ఇన్నమ్మ అడిగింది. అప్పటికి ఏ డబ్బా జారలేదు. క్రేనే కదల్లేదు.

గార్డు నాగరాజు గుర్తింపు కార్డు అడిగాడు. ఆమె గేటు బోర్డు మీదున్న సెక్యూరిటీ మేనేజరు ఎబినేజర్ ఫొటో చూపించింది. పాడు కల వచ్చిందని, పినపాక నుంచి బస్సెక్కి వచ్చానని, దారిలో మూడుసార్లు కళ్ళు తిరిగాయని చెప్పింది.

“సారోళ్ల అమ్మవని ముందే చెప్పొద్దా పెద్దమ్మా?” అంటూ నాగరాజు క్యారియర్ తనే అందుకున్నాడు.

లోపల ఆ రోజు భద్రతా తనిఖీ. ఓడరేవుకు పోయే మిర్చి కంటెయినర్లకు సీలు వేసేది ఇక్కడే. తనిఖీలో తప్పితే డిపోకు తాళం, ఎబినేజర్ ఉద్యోగానికీ తాళం. ఇద్దరు అధికారులు రావాల్సింది, రామకృష్ణ ఒక్కడే వచ్చాడు. రెండోవారు దారిలో ఉన్నారట.

ఆయనకు ఎబినేజర్ తన తొంభై పేజీల నివేదిక చదివి వినిపిస్తున్నాడు. తీవ్రవాదులు, డ్రోన్లు, హ్యాకర్లు, ఎవరినీ వదల్లేదు.

రెండో గేటులో స్కానర్ ఉంది. ప్రార్థన నూనె సీసా అందులో పెడితే మహిమ పోతుందేమో అంది ఇన్నమ్మ. స్కానర్ దగ్గర కూర్చునే గ్రేస్‌కూ అదే భయం పట్టుకుంది. సీసాను పక్కనుంచి పంపించి, తన నుదుటికీ ఓ చుక్క రాయించుకుంది.

యార్డులో సీలు వేసి ఉన్న పదకొండు కంటెయినర్లకు, జారిపడకుండా ఉండాలని, ఇన్నమ్మ నూనె రాసింది. ఆపరేటరు జైరాం క్రేను ఆపుకుని మరీ దిగివచ్చాడు.

“పన్నెండోది ఇడిసిపెట్టినవేంది పెద్దమ్మా? అదే పడితే?”

దానికీ రాయించి, మీటింగు గదికి దారి చూపించాడు.

“మా అనుమతి లేనిదే చీమ కూడా దూరదు సార్,” అని ఎబినేజర్ చివరి పేజీ మూశాడు.

తలుపు తెరుచుకుంది. ముందు క్యారియర్‌తో నాగరాజు, వెనక ఇన్నమ్మ, ఆ వెనక గ్రేస్, జైరాం.

“జల్దీ తిను బిడ్డా. సల్లారితే కడుపుల నొస్తది,” అంది ఇన్నమ్మ.

రామకృష్ణ పెన్ను మూత తీశాడు. “మీ అమ్మగారా?”

ఎబినేజర్ ఆమె నూనె చేతుల వైపు చూశాడు. మెచ్చుకోలు కోసం నిలబడ్డ నాగరాజు వైపు చూశాడు. నివేదికను పక్కకు జరిపాడు.

“మా అమ్మ చనిపోయి నాలుగేండ్లయింది సార్.”

ఇన్నమ్మ చేతులు తుడుచుకుని, రామకృష్ణ పక్కన రెండో అధికారి కోసం వేసిన కుర్చీలో కూర్చుంది.